బాగా

నా చేతిరాతే. కాదనను.
వంద రూపాయల స్టాంపు కాగితం. పదో వరుస చివర 'బాగా',
పదకొండో వరుస మొదట్లో
'ఎండిన కాయలు తొంభై టిక్కీలు
ఫాల్గుణ మాసాంతానికి అప్పగించగలదానను.'
కొత్తమాసు నాగలింగం చెబుతుంటే రాశాను.
కంచెర్ల సాంబ్రాజ్యం
సున్నాలన్నీ రెండేసిసార్లు చుట్టి సంతకం చేసింది.
పేజీకి నలభై, టీ వేరే.

ఇప్పుడు బోనులో నేను.
గుంటూరు సివిల్ కోర్టు ఫ్యాను
తిరగడాన్ని వాయిదా వేసుకుంటోంది.

"ఆ రోజు వీళ్లేమనుకున్నారంటే" అన్నానో లేదో
జడ్జిగారు కలం ఎత్తి ఆపారు.
అనుకున్నది అక్కర్లేదు, రాసుకున్నది చాలు.
కాగితం నోరు విప్పాక
మనిషి మూసుకోవాలి.

సరే, కాగితాన్నే అడుగుదాం.
కాయ ఎంత ఎండితే ఎండినట్టు?
ఒక ప్లీడరు నిఘంటువు తెచ్చాడు.
అందులో ఎండకి అర్థం ఉంది,
మాఘంలో కల్లం మీద పడ్డ దొంగవానకి లేదు.
ఇంకో ప్లీడరు మిర్చియార్డు నుంచి
కాటా మస్తాన్‌ను పిలిపించాడు.
ఆ ముసలాయన మాట్లాడలేదు.
జేబులోంచి ఒక కాయ తీసి
చెవి దగ్గర ఊపాడు.
గలగల.
"ఇదేనండీ ఎండటం."
ముందు బెంచీ గుమాస్తా తుమ్మాడు, ఆ తర్వాత బంట్రోతు,
న్యాయం కూడా కాసేపు ముక్కు మూసుకుంది.

బేరంలో మాటకి బజారు చెప్పిందే అర్థం,
అని రాసుకున్నారు జడ్జిగారు.
ఇంకా 'బాగా' మిగిలింది.
దస్తావేజులో ఏ మాటా ఊరికే కూర్చోదట,
ప్రతిదానికీ ఒక పని ఉండి తీరాలట.
నాగలింగం ప్లీడరు ఆ రెండక్షరాల మీద
గంటసేపు నిలబడ్డాడు.
గలగల చాలదు, తొడిమ పట్టగానే విరగాలి అన్నాడు.

నాకు తెలుసు ఆ మాట ఎందుకొచ్చిందో.
పదో వరుస చివర కాస్త చోటు మిగిలింది.
ఖాళీ వదిలితే రేపెవడో ఏదో ఇరికిస్తాడు,
గీత కొట్టు, లేదా మాట వెయ్యి,
అని మా గురువు రామానుజాచారి నేర్పిన జాగ్రత్త.
ఆ పూట స్కేలు దూరంగా ఉంది.
బాగా, అని రాశాను.
సరిగ్గా సరిపోయింది.

ఇది చెప్పకూడదు, చట్టం ఒప్పదు.
ఒప్పినా ఎవరు నమ్ముతారు,
తొంభై టిక్కీల గొడవ
చెయ్యి చాపని నా బద్ధకంలో ఉందని?

చివరికి జడ్జిగారు ఒక్కటే అడిగారు.
"ఎవరు చెబితే రాశావు?"
నాగలింగంగారండీ, అన్నాను.
కాగితం సంగతి అయితే నిజమే.
ఆ ఒక్క మాట సంగతి ఆయన అడగలేదు.
"రెండర్థాల మాట బరువు
రాయించుకున్నవాడే మొయ్యాలి."
సాంబ్రాజ్యానికి అర్థమైందో లేదో,
కొంగు దులుపుకుని లేచింది.
గింజలు రెండు రాలాయి.

సాయంత్రం బ్రాడీపేటలో ఎవరిదో అద్దె కాగితం.
ఆరో వరుస చివర వేలెడు చోటు.
"ఏదో ఒకటి వేసెయ్యవయ్యా" అన్నాడు ఇంటాయన.

లేచి వెళ్లి
స్కేలు తెచ్చుకున్నాను.