వేడెక్కేదాకా

కరోస్టాలో, పాత నౌకాదళం బారకాసుల వెనక,
తమ్ముడి గ్యారేజీకి
పదకొండేళ్ళ తరవాత వచ్చాను.
పిలిచింది ప్రేమతో కాదు.
"స్విచ్ దగ్గర ఒక మనిషి నిలబడాలి,
ఒంటరిగా చేసే పని కాదిది" అన్నాడు ఫోన్లో.
ఇంకెవరూ దొరకలేదని చెప్పలేదు గానీ
లియెపాయలో నాకు తెలియని మనుషులెవరు?

బల్ల మీద గాజు గొట్టం,
దోసకాయల ఊరగాయ జాడీ అంత.
లోపల హైడ్రోజన్,
ఉందా లేదా అన్నంత పలచగా.
"థైరట్రాన్. రాడార్ కడుపులోది.
సైన్యం మూటాముల్లె సర్దుకున్న ఏడు
తుక్కువాడికి ఎండుచేపల కట్ట ఇచ్చి తెచ్చాను."
అంత చవగ్గా కొన్నందుకు
ఇప్పటికీ మురిసిపోతున్నాడు ఇల్‌గ్వర్స్.

ఇదివరకు స్పార్క్ గ్యాప్ ఉండేదట.
రెండు మొనల మధ్య గాలి పటపటా చిరిగి
వీధి కుక్కలు గొలుసులు తెంపుకునేవట,
మేడ మీది మిర్‌జా చీపురుతో నేల బాదేదట.
అది నోరున్న స్విచ్.
ఇది పెదవి కదపదు.

ఫిలమెంట్ వెలిగించి గడియారం చూశాడు.
"పది నిమిషాలు. ముందే తొందరపెడితే
కాథోడ్ పూత రాలిపోతుంది."
సరే.
పది నిమిషాలు ఇద్దరం ఏం చేయాలి?
ఫ్లాస్కు మూత తిప్పాను, మళ్ళీ బిగించాను.
వాడి ఒంటి మీద నాన్న స్వెటర్,
మోచేతుల దగ్గర వేరే రంగు ఊలు.
ఎవరు అల్లి అతికారో అడగలేదు.
కిటికీకి ఉప్పుగాలి పట్టి
సముద్రం కనిపించలేదు.

ఉండబట్టలేక వాడే మొదలుపెట్టాడు.
"ఇదిగో, ఈ జల్లెడలాంటిదే గ్రిడ్.
దీని మీద చిన్న తట్టు తడితే చాలు,
లోపలి వాయువంతా ఒక్కసారి తెగిస్తుంది.
ఆ తరవాత గ్రిడ్ ఎంత బతిమాలినా వినదు.
వదలడమే దానికొచ్చు, ఆపడం రాదు.
కరెంటు తనంతట తాను సున్నాకి దిగాలి,
అప్పుడు గానీ పగ్గం మళ్ళీ చేతికి రాదు."

"ఎంతసేపు పడుతుంది?"
"మైక్రోసెకండ్లు."

నాన్న పడవ అమ్మిన రోజు
రేవులో అందరి ముందు వాణ్ణి
దొంగ అన్నాను.
ఒక్క మాట.
మైక్రోసెకండ్లు, అని లోపలే అనుకున్నాను.

"మరి వెనక్కి తన్నే కరెంటు?"
కాయిల్ ఊగుతుందని నాకూ తెలుసు,
ముప్పై ఏళ్ళు ట్రాముల వైండింగులు చుట్టిన చేతులివి.
వాడు మొదటిసారి నా మొహం చూశాడు.
"దానికి పక్కదారి పెట్టాను, డయోడ్ల వరస.
తిరుగుదెబ్బ దీని ఒంటికి తగిలితే
ఎక్కువ కాలం బతకదు."

పదో నిమిషం.
నా చెయ్యి స్విచ్ మీద.
గాజులో వంకాయపువ్వు రంగు
వచ్చింది. చప్పుడు లేదు.
చప్పుడంతా అక్కడ, కాయిల్ తల మీద:
తెల్లటి వేళ్ళు గాలిని గీరుతున్నాయి,
మూల నిలబెట్టిన పాత ట్యూబ్‌లైట్
ఏ తీగా లేకుండా
తనంతట తాను వెలిగింది.
వాడు చిన్నప్పటిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.
ముందుపన్ను ఒకటి లేదు. ఎప్పుడు పోయిందో.

వాడు చెయ్యెత్తగానే ఆపాను.
పొడవాటి కర్రకు కట్టిన ఎర్త్ తీగతో
కెపాసిటర్‌ని తాకాడు. టప్‌మంది.
"ఆపేశాక కూడా కాస్త మిగిలి ఉంటుంది,
దాన్ని తీసేయకుండా ముట్టుకోకూడదు."

మళ్ళీ తాకాడు. ఈసారి ఏమీ లేదు.

క్షమించమని నేననలేదు.
"ఇంకోసారి పెట్టు" అన్నాను.
"ఫిలమెంట్ వేడిగానే ఉంది," అన్నాడు,
"ఈసారి ఆగక్కర్లేదు."