ఊకబూడిద

మా సందుకి పేరు లేదు.
'రైసుమిల్లు వెనక, నెల్లూరు' అనే వచ్చేవి ఉత్తరాలు,
వచ్చినప్పుడు.
పోస్టుమాను సైకిలు దిగకుండానే
చెంగమ్మక్క అరుగు మీదకి విసిరేసి పోయేవాడు.
ఆమెకి చదువు రాదు.
కవరు వాసన చూసి ఎవరింటిదో చెప్పేది.
సగంసార్లు సరిపోయేది.

తెల్లారుజాము అయిదింటికి మిల్లు కూత.
మొదటి కూతకి నాయన లేచేవాడు,
రెండో కూతకి కుళాయి కాడ బిందెల వరస.
బిందె కరువైనవాళ్ళ వంతుకి ఒక ఇటుక.
రహమతమ్మ తన ఇటుక మీద సున్నంతో చుక్క పెట్టుకునేది.
ఆ చుక్క ఎవరో చెరిపారని
రెండిళ్ళు ఆర్నెల్లు మాట్లాడుకోలేదు.
మళ్ళీ ఎట్టా కలిశారో తెలీదు.
ఒకరోజు బడినుంచి వచ్చి చూస్తే
ఇద్దరూ ఒకే చేటలో నూకలు చెరుగుతున్నారు.

పొగగొట్టం నుంచి రోజంతా రాలేది ఊకబూడిద,
దోమరెక్కంత, నల్లగా.
పట్టుకోబోతే వేలిమీద గీతయి పోయేది.
దండెం మీది బట్టల మీద,
వడియాల మీద,
ఉయ్యాల్లో పసిబిడ్డ బుగ్గ మీద.
దిష్టిచుక్క ఖర్చు మిగిలిందిలే అని అవ్వ నవ్వేది.
బడికి తెల్లచొక్కా పెట్టినవాణ్ణి
అమ్మ తిట్టని ఆదివారం లేదు.
అన్నం గిన్నె మూత తీస్తే
ముందు ఊదాలి,
తర్వాతే కలపాలి.

అమ్మది కళ్ళంలో పని.
ఉడికిన వడ్లు ఆవిర్లు కక్కుతుండగా
సిమెంటు నేలంతా పరిచి
కాళ్ళతో దున్నేది.
పాదం ఎత్తకుండా, ఈడ్చుకుంటా,
ఈ గోడ నుంచి ఆ గోడకి
ఆ గోడ నుంచి ఈ గోడకి.
ప్రహరీ ఎక్కి చూస్తే
కళ్ళమంతా కాపీ పుస్తకంలాగా వరసలు వరసలు.
అమ్మకి రాయడం రాదంటే
చాలాకాలం నేను నమ్మలేదు.

నాకు అక్షరాలొచ్చింది గోతాల మీద.
తలుపుకి పరదా గోతాం,
వానొస్తే నెత్తిన గోతాం,
చలికాలం దుప్పటి కింద ఇంకో దుప్పటి.
'మొలగొలుకులు' అని పచ్చరంగులో ఉండేది,
కూడబలుక్కోడానికి నాకో వారం పట్టింది.
ఆ బియ్యం ఎట్టుంటాయో తెలీదు.
మేం తినేది స్టోరు బియ్యం.

నాయన కుడిభుజం మీద ఒక కాయ.
బస్తా కూర్చునే చోటు.
తమ్ముడు దానిమీదే తలపెట్టి నిద్రపోయేవాడు.
బస్తాకి ఒక చీటీ ఇచ్చేవాడు మేస్త్రీ పెంచలయ్య.
శనివారం రాత్రి చీటీలు లెక్కపెట్టేటప్పుడు
ఉక్కపోసినా సరే ఫ్యాను ఆపేసేవాళ్ళం.
ఆ ఫ్యానూ పెంచలయ్య అమ్మిందే,
వాయిదాల మీద.

రొట్టెల పండక్కి ఏడాదేడాదీ
అమ్మ చెరువులో మోకాలి లోతున నిలబడి
ఇంటి రొట్టె అందుకునేది,
ముక్కూ మొహం తెలియని ఎవరో ఒకరి చేతిలోంచి.
పదకొండేళ్ళు, పదకొండు రొట్టెలు.
"రొట్టెకో గోడ లేచినా
ఈపాటికి మూడిళ్ళయ్యేయి గదమే,
ఒక్క గోడ తక్కువ" అనేవాడు నాయన.
అట్టా అనగూడదని నోరు మూసేది అమ్మ.
తుంచిన మొదటి ముక్క మాత్రం
ఆయనకే.

మిల్లు ఒక్కరోజులో పోలేదు.
ముందు కూత పోయింది.
తర్వాత పొగ.
బట్టలు తెల్లగా ఆరుతున్నాయని సంబరపడ్డవాళ్ళమే
నాలుగు వారాలకి
బియ్యం డబ్బా అడుగు గీరాం.

ఇప్పుడక్కడ కల్యాణమండపం.
మొన్న ఎవరిదో పెళ్ళికి పోయాను.
కళ్ళం మీద కుర్చీలు.
బాయిలరు ఉన్నచోట, అవునో కాదో, పెళ్ళిపీటలు.
ఆఖర్న పెరుగన్నం వేశారు,
చల్లగా, దానిమ్మగింజలేసి.
ముద్ద చేసి, నోటిదాకా తెచ్చి,
ఉఫ్‌మని ఊదాను.
పక్కన కూర్చున్న పిల్ల కిసుక్కుమంది,
"చల్లదే కదా ఆంటీ!"
తెలుసమ్మా, అన్నాను.

తలెత్తితే,
ఎదుటి బంతిలో ఒక ముసలాయన
తన పెరుగన్నం మీద
నెమ్మదిగా ఊదుతున్నాడు.
ఎవరింటి మనిషో.
చెంగమ్మక్క ఉంటే చెప్పేది.