ఎనిమిది గళ్ళు

పన్నెండింటికి గడువు.
బల్లరాట్‌లో డిసెంబరు ఎండ
వంటింటి అద్దం దాటి కీబోర్డు దాకా వచ్చేసింది.

తెరమీద ఎనిమిది గళ్ళు.
మొదటి గడిలో ఫార్మసీ అని
రాత్రి నేనే దగ్గరుండి పెట్టించాను.
తెల్లారేసరికి అది నాలుగోదానికి జారింది,
పైన గాలిమరల మరమ్మతు కూర్చుంది.

"ఎంత ఎత్తు?"
"ఎనభై మీటర్లు నాన్నా. లోపల నిచ్చెనుంటుందిగా!"
అక్కడికి లోపల సోఫా ఉన్నట్టు.

నేను మాట్లాడలేదు.
నాకు నా కౌన్సెలింగు హాలు గుర్తొచ్చింది,
చెమటకి మెత్తబడ్డ ర్యాంకు కార్డు,
వెనకాల మా బావ గుసగుస.
చివరి బస్సు ఏడింటికుందని ఆ కాలేజీ,
ఆ కాలేజీలో మిగిలిందని మెకానికల్.
ఎందుకు తీసుకున్నావని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.
అడిగితే చెప్పడానికి
నా దగ్గర బస్సు టైమొక్కటే ఉంది.

మొన్న ఆదివారం వాబ్రా దారిలో
ఇందుజ కారు ఆపించింది.
కొండ మీద అన్నీ తిరుగుతున్నాయి, ఒక్కటి తప్ప.
"గాలి లేదేమో" అన్నాను.
జుట్టంతా మొహం మీదికి ఎగురుతుంటే
నావైపు జాలిగా చూసి,
ఆ ఆగినదాన్నే చూస్తూ నిలబడింది
నా టీ చల్లారేదాకా.

పదకొండూ నలభై.
"మార్చేయనా మళ్ళీ?" అంది,
వేళ్ళు గాల్లోనే ఉంచి.

గొంతు సవరించుకున్నాను.
"బూట్లు వాళ్ళిస్తారా,
మనమే కొనుక్కోవాలా?"