సోలెడు తవుడు

నా ముందల ముగ్గురు పుట్టి పోయిండ్రట.
నేను పడంగనే మంత్రసాని చాటల ఏసుకపోయి
ఇంటెనక పెంటకుప్ప మీద పండబెట్టిందట.
పక్కింటి రామనర్సమ్మ దారిన పొయ్యేదాని లెక్క వచ్చి
"ఎవరి పిల్లనో పాపం" అని ఎత్తుకున్నదట.
మా అమ్మ సోలెడు తవుడిచ్చి
నన్ను కొనుక్కున్నదట.

సావును మోసం జెయ్యాలె గద.
ఇది ఎవ్వరికీ పనికిరాంది అని దానికి సూపెట్టాలె.
గట్ల నేను పెంటమ్మనైన.

సావు మోసపోయింది.
బడిల పంతులు మాత్రం
హాజరు పిలిచినప్పుడల్లా ముక్కు మూసుకునేటోడు.
మర్రిగూడ బోరునీళ్లు పండ్లకు గార పట్టిచ్చినయి,
మోకాళ్లను కొడవండ్లు జేసినయి.
పుణెల సెంట్రింగు కాడ మేస్త్రి పేరే అడగలే,
"పాలమూరోళ్లు పన్నెండు మంది" అని రాసుకున్నడు,
మాది నల్లగొండ సారూ అని మొత్తుకున్నా.
ఆ పన్నెండుల నేను ఎన్నోదాన్నో.

ప్రార్థనకు మొదాలు పోయింది భక్తితోని గాదు.
ఎండకాలం. రేకుల షెడ్డుల ఫ్యాను తిరుగుతుండె.
కూసున్న. మల్ల ఆదివారం పోయిన.
పాటలు అర్థమయ్యేసరికి వానకాలమొచ్చింది.

బాప్తిస్మానికి ముందు
పాస్టరు ఎలీషయ్య కాయితం మీద పేర్లు రాసుకొచ్చిండు:
కృపమ్మ, దీవెనమ్మ, సువార్తమ్మ.
"పాతది ఇడిసెయ్యమ్మా, ఒకటి ఏరుకో."
మూడూ బాగున్నయి.
రాత్రి దాక పీచుమిఠాయి లెక్క నోట్లె ఏసుకొని చప్పరిచ్చిన.

ఆ రాత్రే మనుమరాలు కెజియా కీర్తన సదువుతుండె.
అండ్ల పెంటకుప్ప అన్న మాటొచ్చింది.
పిల్ల ఆగి, నా దిక్కు సూసి, నాలిక కరుసుకున్నది.
"ఆపకు బిడ్డా. మల్ల సదువు."
నాలుగుసార్లు సదివిచ్చుకున్న.

అంత ఎత్తు మీదున్నోడు వంగుతడట.
వంగి, గా కుప్ప మీదికెల్లే
బీదోళ్లను లేపుతడట.

వంగుడంటే ఎంత నొప్పో
నా మోకాళ్లకు ఎరుక.

మా అమ్మ సోలెడు తవుడు పెట్టింది.
ఈయన ఏం పెట్టి కొన్నడో నేను అడగలే,
అరిచేతులు సూస్తే తెలుస్తలేదా.

తెల్లారి డీసీఎంల డిండి వాగుకు పోయినం.
నడుముల దాక నీళ్లు. సల్లగ.
నీళ్లల్ల నా మోకాళ్లు నాయి గానట్టే తేలికైనయి.
ఎలీషయ్య చెవుల అడిగిండు, "ఏ పేరమ్మా?"
"పెంటమ్మ."
ఆయన ఒక్క గడియ ఆగిండు.
ఒడ్డు మీద ఎవరో నవ్విండ్రు, మావోళ్లే.

పిలిచిండు ఆయన, వాగు అవతలి గొర్లకాపరి గుడ తిరిగి సూసేటట్టు,
పెంటమ్మా! అని.
ముక్కు మూసిండు గని
ఆయనది గాదు, నాది,
నీళ్లు పోకుండ.

లేవంగనే దగ్గొచ్చింది.
కెజియా తువ్వాల అందిచ్చింది.