ఇతర వివరాలు

బూట్లు కడుక్కోవడంతో మొదలవుతుంది నా ఉద్యోగం.
గేటు దగ్గర నీలం బకెట్, బ్రష్, మందు నీళ్లు.
పక్క చేలో కలుపు గింజ ఒక్కటి కూడా
నా మడమ కింద దాక్కుని ఈ చేలోకి రాకూడదు.
కడుగుతూ తలెత్తితే బోర్డు:
"టవర్ల వాళ్లకు ప్రవేశం లేదు."
అది నా గురించే.

విమ్మెరాలో సెప్టెంబరు.
కనోలా పూత కళ్లు చెదరగొడుతోంది.
హెడ్లీ నోస్కె ఇంటికి ఇది ఐదోసారి.
మొదటిసారి కుక్కని పట్టుకుని గేటు దగ్గరే మాట్లాడాడు.
రెండోసారి కుక్కని వదిలేశాడు.
మూడోసారి వాన, అందుకని వరండా.
నాలుగోసారి టీ ఇచ్చాడు, చక్కెర ఎంతో అడగలేదు.
ఇవాళ వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాను,
ఒక మూలకి ఉప్పుసీసా, ఒక మూలకి ఆయన కళ్లజోడు.

ఐదువందల కిలోవోల్టులు.
ఎనభై మీటర్ల టవర్లు, ఆయన భూమిలో నాలుగు.
కిలోమీటరుకి ఇంత, ఏడాదికి ఇంత, ఇన్నేళ్లు.
నేను అంకెలు చదువుతున్నంతసేపూ
ఆయన కిటికీ మీది ఈగని చూశాడు.

"మందు కొట్టే విమానం మీ తీగల కింద దూరుతుందా?"
దూరదు.
"గడ్డి అంటుకుంటే, ఆ పొగలో, తీగల కిందికి
ఫైరింజను వస్తుందా?
ఈ ఊరి ఇంజను నడిపేది నేనే.
నేను రాను."
రాసుకున్నాను.
"మీ ఇంటికెంత దూరం ఈ లైను?"
నాలుగువందల కిలోమీటర్లు. అబద్ధమాడలేదు.

మా నాన్న బొగ్గు కరెంటు కేంద్రంలో
ఇరవయ్యారేళ్లు బాయిలర్ పక్కన నిలబడ్డాడు.
చిమ్నీలు కూల్చిన రోజు
ఊరంతా కుర్చీలు వేసుకుని చూసింది.
నాన్న రాలేదు.
ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.
ఒకరి నష్టం చూపించి
ఇంకొకరి దగ్గర బేరమాడకూడదు.

అప్పుడు ఆయన వేలు మ్యాపు మీద దిగింది.
రెండువందల పదకొండో టవరు.
"ఇది జరపండి."
ఎందుకని అడిగాను.
కాసేపు కెటిలే మాట్లాడింది.

గొర్రెల ధర పడిపోయిన ఏడట.
సంతకి తోలితే లారీ కిరాయికి ఎదురిచ్చుకోవాలి.
వాళ్ల నాన్న బుల్డోజరుతో గొయ్యి తీశాడు.
రెండు రోజులు.
పన్నెండువందల నలభై.
"లెక్క రాసింది నేనే.
ప్రతి తూటాకీ లెక్కుండాలన్నాడు నాన్న."
తర్వాత అక్కడ బార్లీ చల్లారు.
మూడేళ్లపాటు ఆ ముక్క ఒక్కటే
నడుం దాటి పెరిగింది.
"ఆ గింజలు
అమ్మ కోళ్లకి కూడా వెయ్యనివ్వలేదు."

నా ఫారంలో
పూర్వీకుల ఆనవాళ్లకి గడి ఉంది,
వాగులకుంది, గూళ్లకుంది,
అరుదైన బల్లికి అర పేజీ ఉంది.
దీనికి లేదు.
అట్టడుగున ఇతర వివరాలు, రెండు గీతలు.
అక్కడ రాశాను: "నేల గుల్ల. పునాదికి పనికిరాదు."
ఆయన తలకిందులుగానే చదివాడు.
"గుల్లే," అన్నాడు.

సర్వేకి ఒక్క రోజు ఒప్పుకున్నాడు.
షరతులు తనే రాశాడు, పెద్ద పెద్ద అక్షరాలు:
వాన పడ్డాక రావద్దు.
గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి.
ఈనే గొర్రెల వైపు డ్రోను ఎగరెయ్యొద్దు.
సంతకం మాత్రం చిన్నది,
ఎవరిదో అన్నట్టు.

మూడు వారాలకి కొత్త మ్యాపు వచ్చింది.
టవరు జరిగింది,
లైను వెంబడి తూర్పుకి డెబ్భై మీటర్లు.
డెబ్భై మీటర్లంటే కంచె అవతల.
అవీస్ లీనర్ట్ భూమి.

ఆమె గేటుకి బోర్డు లేదు.
నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది.
"హెడ్లీకి ఎంత ముట్టింది?" అంది.
డబ్బు సంగతి చెప్పకూడదు.
రెండోది చెప్పలేను.

బూట్లు కడుగుదామని వంగాను. బకెట్ ఖాళీ.
నీళ్లు కావాలంటే ఇంటిదాకా పోవాలి.
ఇంటిదాకా పోవాలంటే బూట్లు కడగాలి.
ఇద్దరం గేటుకి చెరో పక్కనా నిలబడి
బకెట్లోకి చూస్తూ ఉండిపోయాం.