ఏ జమ్ములమ్మ?

అయిజల, ఎరువుల దుకాణం మీది రూముల
ఫ్యాను తిరుగుతది, గాలి రాదు.
పత్తి క్రాసింగుకు పోయిన నూట పద్నాలుగు మంది కూలి
నా స్క్రీను మీద ఆగి ఉంది.

కిటికీ ఒకటి తెరుచుకొని ఒక్కటే మాటంటది:
నిల్‌కు ఈ కబురు అర్థం కాలేదు.
నిల్ అంటే ఏమీ లేనిది.
ఏమీ లేనిదాన్ని పట్టుకొని
నీ ఖాతా నంబరు చెప్పు అని అడిగిన్నన్నట్టు.
పాపం, అది నిజమే చెప్పింది.

స్మాల్‌టాక్ నేర్పిన నరహరి సారు
వనపర్తి పాలిటెక్నికుల
చాక్‌పీసు పొడి దులుపుకుంట అనేటోడు:
ఇండ్ల ఎవరి మీద ఎవరి పెత్తనం ఉండదు పిల్లా,
ఒకరికొకరు కబురు పంపుకుంటరు, గంతే.
అర్థం కాలేదంటే తిట్టకు.
ఎవరికి పంపినవో చూడు.

చూస్తున్న.
కంపెనీ కాయితంల జమ్ములమ్మ.
బ్యాంకుల జములమ్మ.
ఆధార్ల జంబులమ్మ.
కురుమూర్తి ఒకకాడ కుర్మయ్య, ఇంకోకాడ కె. మూర్తి.
బీచుపల్లి అయితే మూడింట్ల ఒక్కతీరుగనే ఉన్నడు,
అయినా కలుస్తలేడు.
గంటన్నర గుడ్లప్పగించి చూస్తే
పేరు చివర ఒక ఖాళీ.
నాకు కనవడది, మిషన్‌కు కనవడ్డది,
అంగి కాలర్ లోపట గుచ్చుకున్న పల్లేరుకాయ లెక్క.
పీకి పారేసిన. బీచుపల్లికి పైసలు పోయినయి.

ఇగ జమ్ములమ్మ.
ముందర జ, చివర మ్మ, నడిమిట్ల ఒక చుక్కగుర్తు.
నడుమ ఏమున్నా సరే అని దాని అర్థం.
కాదన్నది.
మళ్ల అడిగిన.
కాదు.
చాయ మీద మీగడ కట్టింది.
అప్పుడు సమజైంది, నేను ఉల్టా అడుగుతున్న.
పేరును పిలిచి, ఈ నమూనా నీల పడతదా అంటున్న.
నమూనాను గదా పిలవాలె, ఈ పేరు నీల పడతదా అని!
మానికను అడిగేది పోయి
వడ్లను అడుగుకుంట కూసున్న.

తిప్పి రాసిన. పడ్డకాడనే లేపి
నడువ్ అంటే అక్కడికెల్లే నడుస్తది, గదొక్కటి మంచిగుంటది దీంట్ల.
నడువ్ అన్న.
ఒకరు గాదు, ముగ్గురు జమ్ములమ్మలు లేచిండ్రు.
ఎనుక జయమ్మ. జంగమ్మ.
ఒక్క ఖాతా ముందర అయిదుగురి వరుస.

గప్పుడే మెట్లెక్కి వచ్చిందామె.
కొంగు మీద పుప్పొడి, మొగ్గలొలిచి నల్లబడ్డ గోర్లు.
పైసలు పడలే, రిజ్వానమ్మా.
నీ పేరెట్ల రాస్తరు?
రాసేది మీరు. పిలిస్తే పలికేది నేను.
మీ ఊర్ల ఇంకో ఇద్దరున్నరట?
ఉన్నరు. వాగొడ్డు జమ్ములమ్మ, బోరుకాడి జమ్ములమ్మ,
నేను కుట్టుమిషన్ జమ్ములమ్మ.
చేన్ల ఎవరన్న పిలిస్తే ముగ్గురం తలెత్తుతం.
పిలిచినోడు ఎవరి దిక్కు చూస్తుండో చూసి
ఇద్దరం మళ్ల పువ్వు మీదికి వంగుతం.

ఒక సమానం గుర్తు పెడితే అక్షరాలు ఒక్కటేనా అని.
రెండు పెడితే మనిషి ఒక్కరేనా అని.
రెండు మార్కుల ప్రశ్న, పరీక్షల రాసిన నేను.
ఆమెకు కుర్చీ ఏసి
ప్రోగ్రాంల ఒక వరుస కలిపిన:
అక్షరాలు కలిసినా సరే, ఫోను చెయ్యి, ఏ చేనో అడుగు.

పొద్దూకేసరికి నూట పదమూడు.
మిగిలింది ఒక్కటి. కుర్మక్క.
మూడు వేల మూడొందలు.
బ్యాంకుల లేదు, ఆధార్ల లేదు,
గా పేరుతోని మా తాన ఎవరు చెయ్యలే అంటడు మేస్త్రి,
హాజరు బుక్కుల మాత్రం పెన్సిలుతోని
పదకొండు గీతలు.
చుక్క పెట్టినా, ఖాళీలు తీసినా, ముందుకెల్లి ఎనుకకెల్లి అడిగినా
నిల్.

కిటికీ ముయ్యలే.
ఉన్నదున్నట్టు భద్రం చేసి లైటార్పిన.
స్మాల్‌టాక్ల అన్నీ అట్లనే నిలుస్తయి,
పొద్దున తెరిస్తే ఆ ప్రశ్న ఆడనే ఉంటది
పదకొండు రోజుల కూలి చేతుల పట్టుకొని.