తల్లిని జూపియ్యి

రొమ్ముల పిల్లికూతలున్న పిల్ల
కుక్క కావాలన్నది.
నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక
నెబ్యులైజర్ కప్పు కడిగి బోర్లిచ్చిన.

జడ్చర్ల దాటినంక, రేకుల షెడ్డు ముందల
ఇంతియాజ్ భాయ్ కుర్చీలేసి చాయ్ దెప్పిచ్చిండు.
ఒక్కో జాలీ తలుపు తీసుకుంట
పాఠం మొదలువెట్టిండు.
తల్లి లాబ్రడార్, తండ్రి పూడిల్, ఇది ఎఫ్ వన్.
దీన్ని మళ్ల పూడిల్‌తోని కలిపితే ఎఫ్ వన్ బి,
ముప్పావు పూడిల్, బొచ్చు రాలుడు తక్కువ.
ఎఫ్ వన్‌కు ఎఫ్ వన్ కలిపితే ఎఫ్ టూ,
ధర గూడ జర తక్కువ.
"సమజ్ గాకుంటే మళ్ల జెప్త మేడం,
ఇదంత జెనెటిక్స్."

చాయ్‌ల పడ్డ ఈగను తీసి పారేసిన.

జెనెటిక్స్.
అయిజ అవుతల సీడుపత్తి చేన్ల
తొమ్మిదేండ్లకే అది నా గోర్ల సందుల ఉండె.
పొద్దు వాలంగ ఆడసాలు మొగ్గ గిల్లి
లోపలి పుప్పొడి గింజలు గోటితోని గీరి
ఎర్రకాయితం తొడగాలె.
తెల్లారి మంచు ఆరినంక
మగసాలు పువ్వు తెంపి
నడుమ నిలవడ్డ పుల్లకు రుద్దాలె.
ఒక మగపువ్వుకు ఐదు ఆడపువ్వులు.
రుద్దినదానికి గుర్తుకు దారం.
పత్తిచెట్టుకు సరిగ్గ సరిపోయిన ఎత్తని
కంపెనీ సారు నన్ను మెచ్చుకున్నడు.
బడి ఎత్తు ఎంతుంటదో ఎవ్వలు కొలవలే.
అప్పుడు నాకొచ్చిన ఇంగ్లీషు మొత్తం
ఎఫ్ వన్.

ఎఫ్ టూ మాత్రం మా నాయిన నేర్పిండు.
ఒక ఏడు అప్పుకు భయపడి సీడు సంచి కొనలే.
పోయినేటి పత్తిల నుంచి పక్కకు వెట్టిన గింజలే ఏసిండు.
మొలిసింది. బాగనే మొలిసింది.
ఒక చెట్టు నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు,
ఒకదానికి ఆకులే ఆకులు,
ఒకదానికి రేగుపండ్లంత కాయలు.
బోరు పక్కపొంటి ఒకే ఒక్కటి ఇరగగాసింది.
"అన్నీ ఒక్క తల్లి పిల్లలే,
ఒక్కదాని మాట ఒక్కటి ఇనకపాయె" అని
నాయిన గట్టుమీద కూసోని నవ్విండు.
ఆ నవ్వు మంచిది గాదు.

"తల్లిని జూపియ్యి భాయ్" అన్న.
కాయితాలున్నయి మేడం అన్నడు.
కాయితం సంగతి నాకెరుకే,
సీడు సంచిమీద గూడ పువ్వుబొమ్మ సక్కగనే ఉంటుండె.
తల్లిని జూపియ్యి.
కొత్త మనిషిని జూస్తే తోక ఊపుతదా, కాళ్ల నడుమ దాస్తదా.
దాన్ని దువ్వి, దువ్వెనకొచ్చిన బొచ్చు నా చేతుల వెట్టు.
తండ్రి తుంటికి ఎక్స్‌రే తీపిచ్చినవా?
ముప్పావు అంటున్నవు గద,
ఈ ఏడింట్ల ఏ పిల్లకు ఎంత ముప్పావు అందిందో
పేరు జెప్పది. ఒళ్లు జెప్పాలె.

ఇంతియాజ్ భాయ్ నా దిక్కు కొత్తగ జూసిండు.
"ఎక్కడ సదివిన్రు మేడం?"
"ఆడసాళ్లల్ల."

హన్సికను కుక్కపిల్లల నడుమ కూసోవెట్టినం, గంటసేపు.
ఆమె ఆట ఆమెది,
నేను ఆమె ఊపిరి ఇనుకుంట కూసున్న.
అందరు ఫోటోలు దిగే ఉంగరాల బొచ్చుది
మొకానికి తాకంగనే మూడు తుమ్ములు.
కాఫీరంగుది మూలకు వోయి పండుకున్నది.
ఒకటి, ఒక చెవికి ఉంగరాలు ఒక చెవికి సాఫు,
ఏ లెక్కల రాసుకోవాల్నో తెల్వనిది,
ఒడిలకొచ్చి చెప్పుల పట్టీ నమిలింది.
పిల్లికూత లేదు.
ఇయ్యాలైతే లేదు.

"ఇప్పుడే కొండవోము" అన్న.
"ఆదివారం మళ్లొస్తం. ఇంకో గంట కూసుంటం."
పిల్ల మొకం మాడ్చుకున్నది.
కారు దాక పోయి, ఏందో మర్సినట్టు ఉరికి,
జడ రిబ్బన్ నుంచి ఊడిన ఎర్రదారం తెంపి
దాని మెడకు కట్టొచ్చింది.

దారం సంగతి
నేనెన్నడు జెప్పలే దానికి.